తెర మీది బొమ్మ – తెర వెనుక రహస్యం

హైదరాబాదులో శ్రీనగర్ కాలనీ, జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు తెలుగు సినిమాకు నిలయాలని అందరికీ తెలుసు. ఒకప్పుడు సినిమా తీయడానికి కెమెరా, లైట్లు, ఎడిటింగ్ బల్ల ఉంటే సరిపోయేది. నేడు కంప్యూటరు లేనిదే పని జరగదు. 2012లో వచ్చిన ‘ఈగ’లో కథానాయకుడైన ఈగను కళాకారులు కంప్యూటరు మీదనే సృష్టించారు. ఆ పనికి హైదరాబాదుకు చెందిన మకుట సంస్థకు జాతీయ పురస్కారం లభించింది.

ప్రపంచంలోని పెద్ద పెద్ద స్టూడియోలు అనేకం ఇటువంటి పనికి యూనిక్స్‌ను పోలిన లినక్స్ వ్యవస్థను వాడుతున్నాయి. 1997 నాటి ‘టైటానిక్’ దృశ్యాల తయారీలో కూడా వందకు పైగా లినక్స్ యంత్రాలు పాలుపంచుకున్నాయి. ఇటువంటి యంత్రాలలో బొమ్మను తెరమీద చూపించే సాఫ్ట్‌వేర్‌ను డబ్బిచ్చి కొనాలా? స్వేచ్ఛగా దొరికేదానిని వాడుకోవాలా? ఇది పెద్దల వ్యాపార సమస్య మాత్రమే కాదు. రేపు ఆ కుర్చీలలో కూర్చోబోయేది నేటి విద్యార్థులే.

మొదట బొమ్మ తెరమీదికి ఎలా వస్తుందో చూద్దాం. యూనిక్స్ యంత్రాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఏర్పాటు పేరు ‘ఎక్స్ విండో’. ఇందులో మనం వాడే ప్రోగ్రాం తానుగా తెరను ముట్టుకోదు. “ఇక్కడ ఒక కిటికీ తెరువు, ఈ గీత గియ్యి” అని మరొక ప్రోగ్రామును కోరుతుంది. ఆ రెండవదే డిస్‌ప్లే సర్వర్. అది బొమ్మ గీస్తుంది. మనం నొక్కిన మీటల కబురును తిరిగి అందజేస్తుంది. సినిమాలో దర్శకుడు చెబితే కెమెరామన్ చిత్రీకరించినట్లే ఇదీను.

ఎక్స్ 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టింది. దానిని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అందువల్ల ఒకే విత్తనం నుండి రెండు చెట్లు మొలిచాయి. థామస్ రోయెల్ అనే ఆయన ఇంటెల్ 386 చిప్ ఉన్న మామూలు కంప్యూటర్లకోసం ‘ఎక్స్386’ తయారుచేశారు. 1991లో అది అందరికీ ఉచితంగా అందింది. తరువాత దాని మెరుగైన రూపం అమ్మకానికి వెళ్ళింది. ఉచిత రూపంలోని లోపాలను సరిదిద్దడానికి 1992లో కొందరు చేతులు కలిపారు. వారి ప్రోగ్రామే ‘ఎక్స్‌ఫ్రీ86’. పేరులో ‘త్రీ’ పోయి ‘ఫ్రీ’ వచ్చిందన్నమాట!

వాణిజ్య సర్వర్లలో ‘యాక్సిలరేటెడ్ ఎక్స్’, ‘మెట్రో ఎక్స్’ 1990లలో పేరు పొందాయి. వాటి గొప్పతనాన్ని కాదనలేము. గ్రాఫిక్స్ కార్డులు తయారుచేసే సంస్థలు కొన్ని తమ చిప్‌ల వివరాలను రహస్యంగా ఉంచేవి. వాణిజ్య సంస్థ రహస్య ఒప్పందం చేసుకుని ఆ వివరాలు సంపాదించగలదు. కనుక కొన్ని కొత్త కార్డులు వారి సర్వర్లతోనే ముందుగా పనిచేసేవి. చిక్కు వస్తే అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. శ్రమకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు.

మరి తేడా ఎక్కడ ఉంది? ధరలో కాదు, తాళంచెవిలో ఉంది. మూసి ఉన్న ప్రోగ్రాం బతుకు దాని యజమాని చేతిలో ఉంటుంది. ఆ తరం వాణిజ్య సర్వర్లు నేడు వాడుకనుండి తప్పుకున్నాయి. ఎక్స్‌ఫ్రీ86కు కూడా కష్టకాలం వచ్చింది. 2004లో దాని లైసెన్సు షరతులు మారగా చాలామంది అంగీకరించలేదు. అయితే మూల ప్రోగ్రాం అందరి దగ్గరా ఉన్నది కదా! ఎక్స్.ఆర్గ్ పేరిట అదే పని ముందుకు సాగింది. 2008లో మొదలైన ‘వేలాండ్’ కూడా ఎక్స్ మీద పనిచేసి అనుభవం గడించినవారి కృషే.

మన భాషకు కలిగిన మేలు మరొకటి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ వ్యవస్థను రూపొందించింది. దానికి ఏ కంపెనీ గుమ్మం ముందూ నిలబడవలసిన అవసరం లేకపోయింది. తలుపు తెరిచే ఉన్నది.

వాణిజ్య సంస్థలు కూడా కొంత దిగివస్తున్నాయి. ఎన్విడియా సంస్థ 2022లో తన లినక్స్ డ్రైవరులో ఒక భాగాన్ని బహిరంగపరిచింది. మిగిలిన భాగం మూసే ఉంచింది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. వృత్తిలో అవసరమైతే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను కొనవచ్చు. కాని చదువుకు తెరిచి ఉన్నదే తగినది. లోపల ఏముందో చూడనివ్వని యంత్రం పనివాణ్ణి తయారుచేయగలదు, శాస్త్రజ్ఞుణ్ణి తయారుచేయలేదు. ఇక మూడవ దారి, దొంగ కాపీ, అసలే వద్దు. ఫిలింనగర్‌లోని ఫిలిం చాంబరు సినిమా దొంగ కాపీలను అరికట్టడానికి ప్రత్యేక విభాగాన్నే నడుపుతున్నది. సినిమా దొంగతనం తప్పయితే సాఫ్ట్‌వేర్ దొంగతనం ఒప్పు ఎలా అవుతుంది? న్యాయంగా పంచుకోగలిగినది చేతికి అందుబాటులో ఉండగా దొంగిలించడం దేనికి?

మీ బడిలో మూలపడిన పాత కంప్యూటరు ఉంటే ఉపాధ్యాయుల అనుమతితో దానిలో లినక్స్ ఎక్కించి చూడండి. తెరమీది బొమ్మను చూసి ఆనందించడంతో ఆగకండి. అది ఎలా వచ్చిందని అడగండి. జవాబు దాచిపెట్టని సాఫ్ట్‌వేరే విద్యార్థికి మంచి నేస్తం.