రక్తంలో సీసానికి పార్టీ లేదు

బ్యాటరీ ఫ్యాక్టరీ మాటెత్తితే చాలు, మన తిరుపతి, చిత్తూరు పిల్లోళ్లు రెండు గుంపులైపోతారు. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లిలోని అమర రాజా బ్యాటరీ యూనిట్లను మూసెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. సీసం బయటికి వస్తా ఉందని మండలి అనింది. నిబంధనలన్నీ పాటిస్తా ఉండామని కంపెనీ అనింది. మే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. అప్పుడు గల్లా జయదేవ్ టీడీపీ ఎంపీ, రాష్ట్రంలో ఉండేది వైసీపీ సర్కారు. ఇంకేముంది? ఒకరు కక్ష అన్నారు, ఇంకొకరు విషం అన్నారు. వేలమందికి కూడు పెట్టే గేటు అది, మూతపడుతుందంటే భయపడినోళ్లదీ న్యాయమే.

ఎవరిది తప్పో తేల్చేదానికి కోర్టులుండాయి. నేను అడిగేది వేరే. ఇంత రచ్చలో, చుట్టుపక్కల పల్లెల పిల్లోళ్ల రక్తంలో సీసం ఎంతుందో చెప్పండని ఏ పార్టీ అయినా అడగంగా విన్నారా?

ఎందుకు అడగాలంటే, సీసం కంటికి కనపడే జబ్బు కాదు. మన ఒళ్లు దాన్ని కాల్షియం అనుకొని ఎముకల్లో దాచిపెడతాది. ఒకసారి ఎముకలో చేరితే ఏండ్ల తరబడి ఆడే ఉంటాది. ఆడబిడ్డ కడుపుతో ఉన్నప్పుడు ఎముకల్లోంచి కరిగి కడుపులో బిడ్డకి చేరతాది. పెద్దోళ్లకంటే చిన్నబిడ్డల పేగులు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటాయి. దెబ్బ మెదడుకి తగులుతాది. పైకి చూస్తే ఏముంది? "వీనికి చదువు ఎక్కదు", "వీడు ఒకచోట కుదురుగా కూచోడు" అంటాం, అంతే.

ఈ సంగతి గట్టిగా నిరూపించినోడు అమెరికా డాక్టరు హెర్బర్ట్ నీడిల్‌మన్. బోస్టన్ దగ్గరి బడిపిల్లల ఊడిన పాలపండ్లు పోగుచేసి, వాటిలో సీసం కొలిచినాడు. సీసం ఎక్కువుండే పిల్లలు తెలివి పరీక్షల్లో, తరగతిలో వెనకబడినారని 1979లో అచ్చేసినాడు. సీసం పరిశ్రమ ఆయన మీద పడింది. లెక్కలు మార్చినాడని ఫిర్యాదు చేస్తే విచారణలు జరిగినాయి, మోసం చేసినట్టు రుజువు కాలేదు.

మన పక్కన బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ తుప్పిల్ వెంకటేశ్ కూడా ఇదే పనికి జీవితం పెట్టినాడు. 1999లో హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల్లో రక్తపరీక్షలు చేస్తే, 12 ఏండ్ల లోపు పిల్లల్లో సగంమందికి పైగా, డెసిలీటరుకి 10 మైక్రోగ్రాములు దాటి సీసం కనపడింది. ఈ పొద్దు 5 దాటితేనే అది యాడినుంచి వస్తా ఉందో వెతకమంటా ఉంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అసలు ఇంతవరకూ పర్వాలేదు అనే అంకె సీసానికి లేదని కూడా ఆ సంస్థే చెప్తాది.

ఇంకో మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే, పనోళ్లకి వస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన జబ్బుల జాబితాలో సీసం విషాన్ని మొట్టమొదట రాసింది. కానీ ఆ చట్టం చూపు గేటు లోపలే ఉండింది. దుమ్ముకి గేటు తెలుస్తాదా? నాయన చొక్కా మీద ఇంటికొస్తాది. ఎత్తుకున్న బిడ్డ నోట్లోకి పోతాది. పెద్ద కంపెనీ ఒకటే కాదు, పాత ఇన్వర్టర్, ఆటో బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చిన్న కొలుముల కాడ ఇంకా ఘోరం. ఆడ మాస్కు లేదు, రిజిస్టరు లేదు, అడిగే ఆఫీసరూ లేడు.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, "మూసెయ్యండి", "ముట్టుకోవద్దు" అనే రెండు కేకల మధ్య మూడో మాట మనం అనాల. సీసంతో పనిచేసే ప్రతి చోటు చుట్టూ ఉండే బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏడాదికొకసారి సర్కారు రక్తపరీక్ష చేయించాల. పిల్లల పేర్లు వద్దు, అంకెలు పంచాయతీ బోర్డు మీద రాయాల. మండలి దగ్గరుండే మట్టి, నీళ్ల పరీక్షల కాగితాలు సమాచార హక్కు కింద మీరే అడగండి, పది రూపాయల ఫీజు. అన్న గానీ నాయన గానీ ఆ పనికి పోతావుంటే, స్నానం చేసి బట్టలు మార్చినాకే బిడ్డను ఎత్తుకోమని చెప్పండి. పని బట్టలు విడిగా ఉతకండి.

అంకెలు తక్కువొస్తే కంపెనీకే మంచి పేరు. ఎక్కువొస్తే బిడ్డలు దక్కుతారు. ఈ లెక్కకి అడ్డం పడేవాడు ఏ జెండా పట్టుకున్నా, వానికి మన ఊర్లో ఓటు అడిగే మొగమెట్లా ఉంటాది?