ఫిడేలు బాలురకు స్వరలేఖనము

మా కట్టంగూరు బాలురు విన్న కీర్తనను ఫిడేలుపై వెంటనే పలికింతురు. స్వరపుస్తకము ముందుంచినచో కమాను దించుదురు. నేర్పిన ఉపాధ్యాయుడు బదిలీయైనచో క్రొత్త కీర్తనలు వారికి లేనట్లే. 1904లో వెలువడిన సుబ్బరామ దీక్షితులుగారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగక్షరములు వచ్చినవానికి కొంతయైనను చిక్కును. పాశ్చాత్యుల అయిదు గీతలు అట్లు చిక్కవు.

వీనిని బెత్తముతో వల్లెవేయించుట వ్యర్థమని మా యభిప్రాయము. ముంగిట ముగ్గుతో అయిదు గీతలు గీయవలెను. ఒకడు విడితంత్రిని పలికింపగా తక్కినవారు విని దాని చోటికి దుమకవలెను. సన్నతంత్రికి పైసందు, రెండవదానికి క్రిందినుండి రెండవ సందు, మూడవదానికి క్రిందిగీత దిగువ. ముతకతంత్రికి మరి రెండు చిన్నగీతలు గీచి వాని దిగువను నిలువవలెను. తప్పినవానికి శిక్ష లేదు, ఫిడేలు వానికే దక్కును!

ఇది కాలహరణమని పెద్దలు కొందరందురు. మేమును మొదట నట్లే తలంచితిమి. ఈ యేడు నాలుగు స్థానములును ఆటలోనే పట్టువడినవి. ముగ్గు మాత్రము దినదినము మరల వేయవలసివచ్చుచున్నది.