ఏ చెరువో చెప్పని కవిత

తెలుగులో పర్యావరణం మీద కవిత్వానికి కొరత లేదు. పర్యావరణ దినం జూన్ 5 దగ్గరపడితే చాలు, సాహిత్య పేజీలు, కవి సమ్మేళనాలు, బడుల్లో పెట్టే పోటీలు పచ్చదనంతో నిండిపోతాయి. చెట్టు కన్నీరు పెడుతుంది, పుడమి తల్లి గాయపడుతుంది, నది విషమవుతుంది, కోయిల గొంతు మూగబోతుంది. రాసేవాళ్ల బాధ నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ చదివి పక్కన పెట్టాక ఏ చెట్టు కొట్టేశారో, ఏ చెరువు పూడ్చారో, ఎవరి పొలానికి నీళ్లు ఆగిపోయాయో ఒక్కటీ గుర్తుండదు. తప్పు మన జ్ఞాపకశక్తిది కాదు, ఆ సంగతి అసలు కవితలోనే లేదు. ఆ కవితను కాకినాడలో చదివినా, కరీంనగర్‌లో చదివినా, కాలిఫోర్నియాలో చదివినా ఒకటే. ప్రకృతి గురించి రాసే కవిత ఒక ఫలానా చోటికి కట్టుబడి ఉండాలి. అక్కడి నీటిని, మట్టిని, పిట్టను, అక్కడ బతికే మనిషిని దగ్గరగా చూసి పేరుపెట్టి చెప్పాలి. అప్పుడే అది కవిత్వంగా నిలుస్తుంది, ఆ చోటుకు సాక్ష్యంగానూ నిలుస్తుందని నా వాదన.

ఇది ఎక్కడినుంచో కొత్తగా తెచ్చుకోవలసిన విద్య కాదు. మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలు ఉండితీరాలన్నారు. పురం, సముద్రం, కొండ, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం, ఇలా వరుసగా వర్ణించుకుంటూ పోవాలి. ఈ కట్టుబాటు వల్ల ఎవరి కావ్యంలో ఉద్యానవనం చూసినా ఒకే తీరుగా కనిపించే స్థితి వచ్చిన మాట వాస్తవం. అదే కట్టుబాటులో ఉంటూ శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో ఏం చేశాడో చూడండి. విల్లిపుత్తూరు వరిమళ్ల కాలువల్లో బాతులు తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతుంటాయి. వేకువన స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మలు పిండి అక్కడే మరిచిపోయిన బట్టలనుకుని, వాళ్లకు అప్పగిద్దామని తలారులు దిగుతారు. బాతులు లేచి పరుగు తీస్తాయి. చేలకు కాపలా ఉన్న ఆడపిల్లలు నవ్వుతారు. ఇంతా ఒక్క పద్యం. బాతు నిద్రపోయే తీరు అందులో ఉంది, ఊరి సాగునీటి ఏర్పాటు ఉంది, ఆ వేళకు ఊళ్లో ఎవరెవరు ఏయే పనుల్లో ఉంటారో ఉంది. వానాకాలం వర్ణనలోకి వస్తే, అంత పెద్ద చక్రవర్తి తడిసిన కట్టెలతో పొయ్యి రాజుకోక ఇల్లాలు పడే అవస్థను పట్టించుకున్నాడు. కాస్త నిప్పు కోసం ఆమె ఇల్లిల్లూ తిరగడం, పొగలో ఊదుకుంటూ కూర్చోవడం ఆయన కంటపడ్డాయి. మేఘం, మెరుపు, నెమలి ఎంత వానో, పొద్దుపోయినా కుదరని వంట కూడా అంతే వాన అని ఆయనకు తెలుసు.

భావకవులు ప్రకృతిని మనసుకు దగ్గర చేశారు. కృష్ణశాస్త్రి తరం లేకపోతే చెట్టుతో, వెన్నెలతో మాట్లాడే చనువు మనకు వచ్చేది కాదు. ఆ మేలు మరవకూడదు. అయితే వాళ్ల అడవి చాలాసార్లు వాళ్ల హృదయంలోదే, దానికి పొలిమేర లేదు. అదే కాలంలో విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ రాసినప్పుడు ఎంచుకున్నది భద్రాద్రి అడవుల్లో పారి గోదావరిలో కలిసే ఒక నిజమైన వాగును. దాని నడకలో కథ వెతికాడు కాబట్టే, ఆ వాగుకు ఆనకట్ట కట్టిన తర్వాత కూడా కిన్నెరసాని పేరు ఆ ప్రాంతం ఎన్నడూ చూడని తెలుగువాడికి సైతం తెలుసు.

ఈ వాదనకు నాకు దొరికిన అన్నిటికన్నా గట్టి ఆధారం విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’. ఆయన అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టినవాడు. పెన్నను ఆయన నది అని పొగడలేదు. ఇసుకగా చూశాడు. నందికొండల్లో పుట్టి కర్ణాటక దాటి అనంతపురం, కడప, నెల్లూరు మీదుగా సముద్రంలో కలిసే ఆ ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుక పక్కన రంగన్న, గంగమ్మ అనే పేద దంపతుల బతుకును నిలబెట్టాడు. ఒకప్పటి వైభవాన్ని తలచుకుంటూనే, ఇప్పటి ఆకలిని రాయలసీమ మాటలతో చెప్పాడు. కరవు అనేది ఆకాశం నుంచి ఊడిపడే విపత్తుగా కాక, పని దొరకడం, గింజ దొరకడం, అప్పు పుట్టడం అనే రోజువారీ లెక్కగా అందులో కనిపిస్తుంది. రాయలసీమ నీళ్ల గురించి ఎన్నో కమిటీలు నివేదికలు ఇచ్చాయి. ఆ ప్రాంతపు నీటి బాధ మిగతా తెలుగువాళ్ల గుండెకు చేరింది మాత్రం ఇలాంటి కావ్యాల ద్వారానే. ఆ కావ్యంలోంచి పెన్నను తీసేసి మరో నదిని పెడదామంటే కుదరదు, కావ్యమే కూలిపోతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. కవిత్వం భూగోళ పాఠం కాదు, ఊరి పేరుకు అంటిపెట్టుకుంటే విశ్వజనీనత ఏమవుతుంది, ఇస్మాయిల్ ‘చెట్టు నా ఆదర్శం’ అన్నప్పుడు ఏ ఊరి చెట్టని ఎవరైనా అడిగారా, అంటారు. ఒప్పుకుంటాను. ఊరి పేరు చేర్చినంత మాత్రాన చెడ్డ కవిత మంచిదైపోదు. ఇస్మాయిల్ దగ్గర ఊరి పేరు లేని చోట చూపు నిశితంగా ఉంది, కన్ను చూసిందే ఆయన కలం రాసింది. జాషువా గిజిగాడి మీద రాసిన పద్యాలూ అంతే. ఆ పిట్ట గూడు అల్లే పనితనాన్ని ఒక పనివాడు ఇంకో పనివాడిని చూసినంత గౌరవంతో చూశాడు. పక్షిజాతి మొత్తాన్నీ కీర్తించబోతే ఆ గూడు మనకు కనిపించేదే కాదు. నేనడుగుతున్న స్థానికత ఈ చూపే. ఊరి పేరు దానికి ఒక హామీ మాత్రమే. చోటు పేరు చెప్పిన కవి ఇక అబద్ధం ఆడలేడు, అక్కడివాళ్లు నిలదీస్తారు. విశ్వజనీనత సంగతి కూడా ఇలాగే తేలుతుంది. సత్యం శంకరమంచి ఒకే ఊరి మీద నూరు కథలు రాశారు. ‘అమరావతి కథలు’ చదవడానికి అమరావతిలో పుట్టి ఉండాల్సిన పని ఎవరికీ పడలేదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. చోటు మీద ప్రేమ పేరుతో పాత పల్లెను మెచ్చుకోవడం మొదలవుతుంది, ఆ పల్లెలో వాడ ఎక్కడుందో, బావి ఎవరిదో కప్పిపుచ్చడం జరుగుతుంది, అంటారు దళిత విమర్శకులు. వాళ్లన్నది నిజం. ‘పచ్చని పైరు, స్వచ్ఛమైన గాలి’ రకం కవితల్లో నాటు వేసే ఆమె నడుం నొప్పి కనిపించదు, ఆమె కూలి కనిపించదు. అయితే ఈ కప్పిపుచ్చడానికి వీలిచ్చేది ఆ సాధారణ వర్ణనే. దగ్గరగా చూసిన కవి చేత అది కాదు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో జాషువా దక్షిణాది నుంచి కాశీ వైపు సాగే దారి పొడుగునా ఊళ్లను, కోటలను, నదులను చూపిస్తాడు. గుడిలోకి వెళ్లలేని మనిషి, గుడి లోపల వేలాడగల గబ్బిలంతో శివుడికి కబురు పంపడమే ఆ కావ్యానికి మూలం. గబ్బిలానికున్న ప్రవేశం మనిషికి లేకపోయింది. ఒక చెరువు గురించి నిజాయితీగా రాయాలంటే ఏ రేవు ఎవరిదో, తూము ఎవరి పొలం వైపు తెరుచుకునేదో, చేపల హక్కు ఎవరిదో రాయక తప్పదు. అలా రాసినవాడు పాత పల్లెను ఊరికే పొగడలేడు.

మాండలికం అడ్డం అనే మాట కూడా వినిపిస్తుంటుంది. దానికి ఎక్కువ చర్చ అక్కర్లేదు. పాలమూరు మట్టి నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటలు రెండు రాష్ట్రాల్లో జనం నోళ్లలో ఉన్నాయి. ఒక పిట్ట పేరుతో వచ్చిన ఆయన పుస్తకం ‘వల్లంకి తాళం’ 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. తెలియని పిట్ట పేరు పాఠకుణ్ణి తరిమేయదు, దాన్ని వెతుక్కునేలా చేస్తుంది. బతుకమ్మను చూడండి. తంగేడు, గునుగు, కట్ల అని ఏ పువ్వుకాపువ్వు పేరు పిల్లలకు తెలుసు, ఏ బీట్లో, ఏ గట్టు మీద దొరుకుతాయో తెలుసు. ఏటా ఆ పూలు కోసుకుని, చివరికి నీళ్లున్న చెరువు దాకా నడవాల్సి రావడం వల్లే ఆ తెలివిడి తరతరాలుగా నిలిచింది.

ఇక మిగిలింది, కవిత్వం వల్ల ఒక్క చెరువైనా బతికిందా అన్న ప్రశ్న. సూటిగా చెప్పాలంటే, కవిత ఒక్కటే బతికించిన చెరువు నాకు తెలియదు. ‘పెన్నేటి పాట’ పెన్నకు నీళ్లు తేలేదు. నల్లమలలో యురేనియం అన్వేషణను వ్యతిరేకిస్తూ 2019లో జనం కదిలినప్పుడు పాటలు, కవితలు వెల్లువెత్తిన మాట నిజమే కానీ, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ చేత తీర్మానం చేయించింది ఆ కదలిక మొత్తం. కవిత్వం అందులో ఒక పాయ. అయినా సాహిత్యం మాత్రమే చేయగల పని ఒకటుంది. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల గురించి ప్రభుత్వ దస్త్రాల్లో ఎకరాలు, పరిహారాలు ఉంటాయి. సంగమేశ్వరం గుడి వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది కాబట్టి దాన్ని చూసి రాగలం. మునిగిన ఊళ్లలో ఏ చింతచెట్టు కింద పంచాయితీ జరిగేదో, ఏటి ఒడ్డున ఏ నెలలో పుచ్చపాదులు పెట్టేవారో ఏ దస్త్రంలోనూ ఉండదు. కొల్లేరు విషయంలో ఆ పనికి అక్కినేని కుటుంబరావు పూనుకున్నారు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే ఆ సరస్సు చేపల చెరువుల పాలైన క్రమం, దాని వెంట మారిన మనుషుల బతుకు ఆయన నవల ‘కొల్లేటి జాడలు’లో ఉన్నాయి. 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టిన వార్తలు చదివితే చర్య తెలుస్తుంది. ఏం పోయిందో తెలియాలంటే ఆ నవల చదవాలి.

ఇప్పుడు పోలవరం ముందుంది. లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సిన ప్రాజెక్టు అది. మునిగే ఊళ్లలో ఎక్కువ భాగం కోయలవి, కొండరెడ్లవి. ఆ గోదావరి ఒడ్డున ఏ దుంప ఏ కొండ మీద దొరుకుతుందో, వరద ఏ బండరాయి దాకా వస్తే గొడ్లను పైకి తోలాలో తెలిసినవాళ్లు చెదిరిపోతున్నారు. పాపికొండల అందం మీద మనకు కవితలు చాలానే ఉన్నాయి. ఆ ఒడ్డు మనుషుల ఎరుకను, వాళ్ల నోటి మీదుగా, వాళ్ల పిల్లల కలంతో రాయించే పని ఆ ఊళ్లు ఖాళీ కాకముందే జరగాలి.

అందుకు సంపాదకులు, ఉపాధ్యాయులు, పోటీలు పెట్టే సంస్థలు చేయగలిగింది చాలా ఉంది. పిల్లలకు ‘ప్రకృతి’ అని అంశం ఇవ్వకండి. మీ ఊరి చెరువు అని ఇవ్వండి. దాని పేరేమిటి, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, ఎటు పోతాయి, ఎవరు తవ్వించారంటారు, ఏ ఏడు ఎండింది, గట్టు మీద ఏ చెట్లున్నాయి అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయమనండి. సంకలనాలు వేసేవాళ్లు ప్రతి కవిత కిందా కవి చిరునామా వేస్తున్నారు, కవిత చిరునామా కూడా అడగండి. కవులకు నా మనవి ఒకటే. రాసే ముందు ఒకసారి ఆ చెరువు గట్టు దాకా వెళ్లి రండి.