అంకె అడగకు, రాత్రి ఇవ్వు

మృగశిర నీహారిక ఫొటో ఎవరికి చూపించినా కుర్రకారు నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, ఐఎస్‌ఓ ఎంత?" 1600 అని చెబితే ఫోనులో రాసుకుని వెళ్లిపోతారు. మర్నాడు అదే అంకె పెట్టుకుని డాబా ఎక్కుతారు, బూడిదరంగు మరకొకటి పట్టుకుని దిగుతారు, కెమెరా మంచిది కాదని తేల్చేస్తారు. తమ్ముడూ, చెల్లీ, నీ కెమెరాకి ఏ రోగమూ లేదు. ఎన్ని గంటలు తీశావని అడిగి ఉండాల్సింది.

నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి శీతాకాలం, మా డాబా మీద, ఐఎస్‌ఓ 12800. కెమెరా వెనక తెర మీద నీహారిక ధగధగలాడింది. పది ఫొటోలు తీసి, పనైపోయిందనుకుని దిగొచ్చి అన్నం తిన్నాను. కంప్యూటర్లో తెరిస్తే నీహారిక నడిబొడ్డున సున్నపు బొట్టు పెట్టినట్టు తెల్లటి చుక్క. చుట్టూ ఆకాశమంతా రంగుల ఇసుక చల్లినట్టు గరుకు. ఎర్రగా ఉండాల్సిన ఆర్ద్ర తెల్లగా ఉంది, నీలంగా ఉండాల్సిన రైజెల్ కూడా తెల్లగానే ఉంది. చీకటికి అలవాటుపడ్డ కళ్లకి ఆ చిన్న తెర ఎంత మసక బొమ్మనైనా దీపావళి చేసి చూపిస్తుంది. దాన్ని నమ్మకు.

ఐఎస్‌ఓ పెంచితే కెమెరాలోకి వెలుతురు ఎక్కువ వస్తుందని చాలామంది నమ్మకం. రాదు. లెన్సు ఎంత తెరిచావో, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచావో, అంతే వస్తుంది. ఐఎస్‌ఓ చేసేది మైకుసెట్టు పని. జాతరలో బుర్రకథ విన్నావా? మైకు దగ్గర సౌండు మరీ తగ్గిస్తే, స్పీకరు దాకా లాగిన పాత తీగల గుయ్యిమనే మోతలో కథకుడి మాట కలిసిపోతుంది. కొంచెం పెంచితే మాట ఆ మోత మీదికి లేస్తుంది. ఇంకా పెంచావా, కథకుడు గొంతెత్తినప్పుడల్లా స్పీకరు పగులుతుంది. మీట ఎంత తిప్పినా కథకుడికి కొత్త గొంతు రాదు కదా!

కెమెరాలో ఆ తీగల మోత పేరు రీడ్ నాయిస్. పాత కానన్ డీఎస్ఎల్ఆర్‌లలో అది ఎక్కువ, అందుకే వాటికి 800, 1600 నప్పుతాయి. సోనీ సెన్సరున్న చాలా నికాన్ కెమెరాల్లో తీగలు శుభ్రంగా ఉంటాయి. 200, 400 దగ్గరే పని జరిగిపోతుంది. ఐఎస్‌ఓ రెట్టింపు చేసిన ప్రతిసారీ ఇంటికప్పు సగానికి దిగుతుందనుకో. ప్రకాశమైన నక్షత్రాలు ఆ కప్పుకి తల తగిలి, రంగు పోయి తెల్లబడతాయి. నా ఆర్ద్రకి పట్టిన గతి అదే. కాబట్టి అన్న చెప్పిన అంకె అన్న కెమెరాది, నీది నువ్వే కనుక్కోవాలి.

షట్టర్ సంగతి వేరు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంటే, ట్రైపాడ్ మీద కదలకుండా కూర్చున్న కెమెరాలో చుక్కలు గీతలవుతాయి. 500ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి అన్ని సెకన్లు పెట్టమనేది పాత లెక్క. 50 మి.మీ. లెన్సుని 1.5 క్రాప్ సెన్సరు మీద పెడితే అది 75 కింద లెక్క, అంటే ఆరున్నర సెకన్లు. నన్నడిగితే ఈనాటి సన్న పిక్సెళ్లకి అదీ ఎక్కువే, 3 లేదా 4 చాలు. నాలుగు సెకన్లలో ఏం పడుతుందని పెదవి విరవకు. 900 సార్లు తియ్యి, గంట వెలుతురవుతుంది. ఫ్రేములు పొట్టివైతే ఐఎస్‌ఓ కాస్త పైకి జరుపు, ప్రతి ఫ్రేముకీ తీగల మోత ఒకసారి కలుస్తుంది కనక. ఆ ఫ్రేముల్ని సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. నాలుగు ఫ్రేములు పేరిస్తే గరుకు సగమవుతుంది, 100 పేరిస్తే పదో వంతు. దాన్నీ సగం చెయ్యాలంటే 400 కావాలి. వర్గమూలం బేరాలాడనివ్వదు!

ఆకాశంతో పాటు తిరిగే ట్రాకర్ ఉంటే హిస్టోగ్రామ్, అంటే కెమెరా చూపించే వెలుగుల గ్రాఫు, చూడు. దానిలోని గుట్ట ఎడమ గోడకి అతుక్కుని ఉంటే ఎక్స్‌పోజర్ చాలలేదు. గోడ వదిలి పావు వంతుకో, మూడో వంతుకో వస్తే చాలు, అంతకు మించి లాగితే నక్షత్రాల రంగులే పోతాయి. నగరంలో వీధిదీపాల పుణ్యమా అని ఆ గుట్ట సెకన్లలోనే కదులుతుంది. అమ్మమ్మ ఊరి చేనుగట్టు మీద నిమిషాలు పడుతుంది, పట్టనీ. ఆ నిమిషాల్లో నీహారిక వెలుతురు పోగవుతుంది. నడిబొడ్డు తెల్లబడకుండా ఐదు పది సెకన్ల ఫ్రేములు కొన్ని విడిగా తీసి పెట్టుకో. ఆ నీహారిక వెలుతురు బయలుదేరి దాదాపు 1350 ఏళ్లయింది, అప్పటికి వేంగిలో చాళుక్యులు ఏలుతున్నారు. అంత దూరం నడిచొచ్చినదాన్ని పది ఫొటోలతో సరిపెట్టి పంపేస్తావా?

ఆ నీహారికకి మొట్టమొదటి ఫొటో తీసింది హెన్రీ డ్రేపర్. 1880 సెప్టెంబరు 30న, అమెరికాలో, దాదాపు 50 నిమిషాల ఎక్స్‌పోజర్‌తో. చదివింది వైద్యం. ఇంగ్లండులో తన పెరట్లోనే నిలబెట్టిన పెద్ద దూరదర్శినితో, మూడేళ్లకి, కంటికి కనిపించని చుక్కల్ని సైతం ఫొటో పలక మీదికి దించిన ఆండ్రూ కామన్ వృత్తిరీత్యా ఇంజనీరు. మన హైదరాబాదు నిజామియా వేధశాలలో 1914 నుంచి ఏళ్ల తరబడి గాజు పలకల మీద ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా పట్టి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. అక్కడ పనిచేసిన ఒకాయన కొడుకు, నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు, 1949లో హార్వర్డ్‌లో ఒక ఫొటో పలక మీద కొత్త తోకచుక్కని పట్టాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు నిండలేదు. నీ ఈడువాడే! పలక కడిగితే గాని ఏం పడిందో వాళ్లకి తెలిసేది కాదు. నీకైతే ప్రతి నాలుగు సెకన్లకీ తెలుస్తోంది, అయినా అరగంటకే విసుగు.

లే మరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఆకాశం తేటగా ఉంటుంది, అమావాస్యలు వృథా పోనీకు. (దీపావళి అమావాస్య ఒక్కటి వదిలెయ్, ఆ పొగలో చుక్కలేం కనిపిస్తాయి!) రా (RAW) ఫైళ్లే తియ్యి. అర్ధరాత్రి దాటాక లెన్సు మీద మంచు పడుతుంది, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూసుకుంటూ ఉండు. ఆఖర్న లెన్సుకి మూత పెట్టి, అదే ఐఎస్‌ఓతో, అదే సమయంతో ఇరవై ఫ్రేములు తీసుకో. వీటినే డార్క్‌లంటారు, సెన్సరు సొంత మచ్చల్ని వీటితో తీసెయ్యొచ్చు. అప్పటికి నిద్ర ముంచుకొస్తుంది, చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

ఈలోగా, మబ్బు పట్టిన ఒక సాయంత్రం నీ అంకె కనుక్కో. గదిలో మసక దీపం, మూల కుర్చీ మీద నాలుగు వస్తువులు. 6400 దగ్గర బొమ్మ సరిగ్గా వచ్చేలా షట్టర్ కుదిర్చి, ఇంక దేన్నీ ముట్టకుండా ఐఎస్‌ఓ ఒక్కటే 100 దాకా దించుతూ తియ్యి. కంప్యూటర్లో అన్నిటినీ ఒకే వెలుగుకి తెచ్చి కుర్చీ కింది నీడ పెద్దది చేసి చూడు. 100 నుంచి పైకి వస్తుంటే గరుకు తగ్గుతుంది, తగ్గుతుంది, ఒకచోట ఆగుతుంది. ఆగిన చోటే నీది. మార్కరుతో లెన్సు మూత లోపల రాసుకో. ఇంతకీ, అమావాస్య ఎన్నాళ్లుందో క్యాలెండర్ చూశావా?