కౌమాను పేట సోదరీమణులు

కడచిన మాసమున ఒక సోదరి, మతాభిమానము హెచ్చిన యింట ఆడుపిల్ల చదువు సాగునా యని మాకు వ్రాసిరి. మా యభిప్రాయమునకు బదులు ఒక వృత్తాంతము చెప్పెదము.

జావాద్వీపమున యోగ్యకర్త యను సుల్తానుల నగరము కలదు. అందలి పెద్దమసీదును ఆనుకొని యున్నది కౌమాను పేట. మసీదు ఉద్యోగులును, బాతిక్ అద్దకపు బట్టల వర్తకులును అచ్చట కాపురముండెడివారు. 1872లో ఆ పేటలో జన్మించిన సితీ వాలిదా బడి ముఖ మెరుగదు. మతవిద్యను ఇంటనే నేర్చెను. 1889లో అహమ్మద్ దహ్లాన్ అను పండితుని వివాహమాడెను.

జావా అప్పుడు డచ్చివారి యేలుబడిలో నుండెను. దహ్లాన్ 1911లో తన యింటనే బడి పెట్టి, బల్లలు వేయించి, మతవిద్యతోపాటు లౌకికవిద్యయు నేర్ప మొదలిడగా, ఇది దొరల బడి యని పలువురు దూషించిరి. మరుసటి యేడు నవంబరు 18వ తేదీని ఆయన మహమ్మదియా సంఘమును స్థాపించెను. అనాథను త్రోసివేయువానిని గర్హించు 'అల్ మాఊన్' అధ్యాయమును ఆయన దినదినము బోధింపగా శిష్యులు విసిగి, అది తమకు కంఠస్థమైనదే యనిరట. కంఠస్థమైన సరియా, ఆచరింపవలదా యని మందలించి, అనాథలను వెదకుటకు వారిని పంపెనట. జీతములకు సొమ్ము చాలక ఒకమారు ఇంటిసామాను వేలమునకు పెట్టగా, వచ్చినవారు సొమ్మిచ్చి సామాను విడిచిపోయిరనియు చెప్పుదురు. మేము విన్న కథలో ఇల్లాలి మాట రాదు. ఏ బిందెలు, ఏ పెట్టెలు వాకిట పెట్టిరో, ఆమె యేమనుకొనెనో!

ఆమె యూరకుండలేదు. 1914లో స్త్రీలను కూర్చి 'సాపా త్రెస్నా' యను సమాజము నడపెను. పగలెల్ల బాతిక్ పనిచేయు కూలిస్త్రీలకు సాయంకాలపు ప్రార్థన పిమ్మట మతమును, చదువుటయు వ్రాయుటయు నేర్పుచుండిరి. కరగిన మైనముతో బట్టపై సన్నని తీగలు గీయ నేర్చిన చేతులకు అక్షరము లొక లెక్కయా!

1917లో ఆ సమాజమే ప్రవక్త పత్నియైన ఆయిషా పేరిట 'ఆయిషియా' యయ్యెను. తొలి అధ్యక్షురాలు సితీ బారియా. 1919లో చిన్నపిల్లల బడి, 1922లో కౌమానునందే స్త్రీలకు ప్రత్యేకముగ ప్రార్థనామందిరము, 1926లో మాసపత్రిక వెలసినవి. దహ్లాన్ 1923లోనే గతించెను. అయినను పని నిలువలేదు. 1926లో సురబయ నగరమున జరిగిన మహమ్మదియా మహాసభయందు వాలిదా అధ్యక్షపీఠము నధిష్ఠించెను. అంతకుముందు ఆ పీఠమున స్త్రీ కూర్చుండి యెరుగదు.

ఆమె 1946లో పరమపదించెను. ఇండోనీసియా ప్రభుత్వము 1971లో ఆమెను జాతీయవీరులలో నొకరిగా ప్రకటించెను. ఆయిషియావారి శిశుపాఠశాలలు నేడు వేలకొలదిగ నున్నవి, విశ్వవిద్యాలయములును కలవు.

జాబు వ్రాసిన సోదరి తమ యింటి పిల్ల సంగతి తెలుపలేదు. ఆమె ఏ తరగతి చదువుచున్నదో, ఆటంకపరచువా రెవరో మరల వ్రాయగోరెదము.