తుఫాను వార్త తెప్ప దాకా చేరుతున్నదా?

తెలుగువారు ‘తుఫాను’ అంటారు. ఉర్దూ సోదరులు ‘తూఫాన్’ అంటారు. మాట ఒక్కటే. బందరు అనగా పారశీకంలో రేవు. మచిలీపట్నాన్ని నేటికీ మనం ఆ పేరుతోనే పిలుచుకుంటున్నాం. పడవ నడిపేవాడు సరంగు, ఓడలో పనిచేసేవాడు కళాసి – ఈ రెండూ పారశీక, అరబ్బీ భాషల నుండి నావికుల నోట మన తీరానికి చేరినవే. ఆంగ్లేయులు రుతుపవనానికి పెట్టుకున్న ‘మాన్‌సూన్’ అనే పేరు సైతం అరబ్బీలోని ‘మౌసిమ్’ నుండి వచ్చినదే. సముద్రాన్ని గూర్చిన ఈ మాటలు పండితుల గ్రంథాలలో గాక పడవల మీద వాడుకలో పెరిగి రేవు నుండి రేవుకు ప్రయాణించినవి. అయితే నేడు మన తీరానికి అందుతున్న సముద్ర వాతావరణ సూచనలలో ఈ పడవ భాష దాదాపు కానరాదు. అదొక లోటని నా అభిప్రాయం. అది భాషాభిమానానికి మాత్రమే సంబంధించిన లోటు కాదు, ప్రాణాలకు సంబంధించినది.

బంగాళాఖాతం స్వభావాన్ని మొదట కొంత తెలుసుకోవాలి. సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కి, ఆ వేడిమి కొంత లోతు వరకు వ్యాపించి ఉన్నప్పుడే ఉష్ణమండల తుఫానులకు బలం చేకూరుతుంది. మన సముద్రంలో ఈ వేడిమికి కొరత లేదు. నైరుతి రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలలలోనూ, అవి మరలిన పిదప అక్టోబరు నుండి డిసెంబరు వరకునూ ఇక్కడ వాయుగుండాలు ఏర్పడుతుంటాయి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరినప్పుడు వాయుగుండం తుఫాను అనే పేరు పొందుతుంది. తీరం వద్ద సముద్రం లోతు తక్కువగా ఉండడం వలన గాలి నెట్టుకొచ్చిన నీటికి క్రిందికి దారి లేక అది మీదికి లేస్తుంది. దానినే మనవారు ఉప్పెన అన్నారు. గాలి ఇండ్లను కూల్చినా, అధిక సంఖ్యలో మనుషులను పొట్టన పెట్టుకున్నది ఉప్పెనయే.

1864 సంవత్సరం అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని రెండు తుఫానులు ముంచివేసినవి. ఒక్క బందరు ప్రాంతంలోనే ముప్ఫై వేల మంది మరణించినట్లు చరిత్ర చెబుతున్నది. అటువంటి విపత్తులూ, తరువాతి కరవులూ కారణంగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. ఆ శాఖకు నూరేండ్లు నిండిన రెండేండ్లకు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చినది. సుమారు పదివేల మంది ప్రాణాలు పోయినవి. శాస్త్రం నూరేండ్లు నడిచినా దాని మాట అవనిగడ్డ గుడిసెల వరకు నడవలేకపోయినది.

ఆ తరువాత మార్పు రాలేదనడం అన్యాయం. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం సమీపాన తీరాన్ని తాకిన తుఫాను మిక్కిలి తీవ్రమైనదే. లక్షలాది ప్రజలను ముందుగానే తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోపే ఆగినది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ నగరాన్ని చిందరవందర చేసినా, అంతటి గాలికి జరిగిన ప్రాణనష్టం పదుల సంఖ్యలోనే ఉన్నది. ఆ పేరును సూచించిన దేశం ఒమాన్. హుద్‌హుద్ అనగా కూకుడుగువ్వ. సులేమాన్ ప్రవక్తకు సబా దేశపు వార్తను మోసుకొచ్చినట్లు ఖురాన్‌లో చెప్పబడిన పక్షి అదే. వార్త తెచ్చిన పక్షి పేరు తుఫానుకు పెట్టడం కాకతాళీయమే గాని, ఆనాడు వార్త వేళకు వచ్చిన మాట మాత్రం నిజం.

కాని ఈ విజయాలన్నీ నేల మీద ఉన్నవారివి. నీటి మీద ఉన్నవారి కథ వేరు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను పరిమాణంలో చిన్నది. కోనసీమలోను, సముద్రంలోను కలిపి వేయికి పైగా ప్రాణాలు పోయినవి. వేటకు వెళ్ళినవారిలో అనేకులు తిరిగి రాలేదు. 2017 నవంబరు చివర కన్యాకుమారి సమీపాన ఓఖి తుఫాను స్వల్పకాలంలోనే బలపడినది. అప్పటికే తమిళనాడు, కేరళ మత్స్యకారులు దినాల తరబడి సాగే వేటకై లోతు సముద్రంలోకి వెళ్ళిపోయి ఉన్నారు. హెచ్చరిక ఒడ్డుకు వచ్చినది. వినవలసినవారు ఒడ్డున లేరు.

రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు ఒకటి నుండి పదకొండు వరకు ఉన్నవి. పదవది మహాప్రమాదానికి గుర్తు. మరి పదకొండవదానికి అర్థమేమిటో చాలామందికి తెలియదు: తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయినదని. చరవాణి సంకేతం తీరం నుండి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే అందదు. ఆ గీత దాటిన చిన్న పడవ మీద ఏ జెండా లేకపోయినా, దాని స్థితి నిత్యం పదకొండవ నంబరే.

ఈ కొరతను గుర్తించిన సంస్థ మన హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో ఉన్నది. సముద్రం కంటికి కానరాని ఆ చోటి నుండి భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అలల ఎత్తును, ప్రవాహాలను, చేపలు దొరికే తావులను దినదినం తెలుపుతున్నది; 2007 నుండి సునామీ హెచ్చరికలు కూడా అక్కడినుండే వెలువడుతున్నవి. 2019లో వెలువడిన ‘జెమిని’ అనే చిన్న పరికరం ఉపగ్రహం నుండి హెచ్చరికను గ్రహించి పడవలోని ఫోనుకు అందిస్తుంది. అయితే దాని ద్వారా వినవచ్చునే గాని బదులు చెప్పరాదు. రెండువైపులా సందేశాలు పంపగల పరికరాలను లక్ష పడవలకు అమర్చే పథకం 2024లో మొదలైనది. ఇది పూర్తి కావడమే గాక, నాటు పడవలకూ తెప్పలకూ కూడా చేరాలి. మరపడవ యజమాని వద్ద ఆగిపోరాదు.

పరికరం చేరినంత మాత్రాన పని ముగియదు. ‘గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీచును, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు’ అన్న ధోరణిలో ప్రకటన వస్తుంది. సరంగు గాలిని కిలోమీటర్లలో కొలవడు. అతనికి కావలసినది తన పడవ ఆ నీటికి నిలుస్తుందా లేదా అన్నది. రెండు మీటర్ల అలలు దూరదూరంగా వస్తే పడవ ఎక్కి దిగుతుంది. అవే దగ్గర దగ్గరగా వస్తే బోల్తా కొడుతుంది. హైదరాబాదు కేంద్రం వారు పడవ వెడల్పును బట్టి ప్రమాదాన్ని లెక్కించి చెప్పే పద్ధతిని ప్రవేశపెట్టినారు. ఇది చాలా మెచ్చదగినది. దీనిని తెలియజెప్పే భాష కూడా రేవులో వాడేదై ఉండాలి. ఇది అసాధ్యమనేవారు కేరళను చూడాలి. అక్కడ గాలి లేకుండానే, ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన ఉప్పొంగు అలలు వేల కిలోమీటర్లు నడిచివచ్చి తీరాన్ని ముంచుతాయి. జాలరులు దానిని ‘కళ్ళక్కడల్’, అనగా దొంగ సముద్రం, అన్నారు. 2012లో యునెస్కో ఆ పేరునే శాస్త్రపదంగా అంగీకరించినది. మన పోటు, పాటు, ఉప్పెనలకు అట్టి గౌరవం దక్కకూడదా?

హెచ్చరిక విని కూడా వేటకు పోతారని జాలరులను నిందించేవారున్నారు. నేను వారితో ఏకీభవించలేను. నూనెకు, మంచుగడ్డకు అప్పు తెచ్చి, వర్తకుని వద్ద ముందుగా సొమ్ము తీసుకున్నవాడు ఒడ్డున కూర్చున్న ప్రతి దినం అప్పు పెంచుకుంటున్నాడు. హెచ్చరించిన తుఫాను దారి మళ్ళినదంటే అతని పొయ్యి మాత్రం ఆరిపోయినట్లే. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరవై ఒక్క దినాల వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తున్నది. చేపల సంతతి కొరకు ఆగినవానికి భృతి న్యాయమైనప్పుడు, తన ప్రాణం కొరకు ఆగినవానికి అది ఎందుకు న్యాయం కాదు? ప్రకటన వెలువడిన నాటి నుండి ఉపసంహరించిన నాటి వరకు దినానికింత అని హక్కుగా లభిస్తే, ‘వెళ్ళరాదు’ అన్న మాటను అతడు పాటించగలుగుతాడు.

ఇక మన కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. తెలుగు, ఉర్దూ శాఖలూ, భూగోళ శాఖా కలిసి ఈ సెలవులలో రేవుల వద్దకు విద్యార్థులను పంపాలి. తీరగ్రామాల నుండి వచ్చి చదువుకుంటున్న మిత్రులు దారి చూపాలి. గాలికీ, అలకూ, మబ్బు రంగుకూ, నీటి పోకడకూ జాలరులు వాడే మాటలను సేకరించి, ఏ మాట ఎంత గాలికీ ఎంత అలకూ వాడుతారో వారినే అడిగి వ్రాసుకోవాలి. ఆ పట్టికను రెండు లిపులలోను వచ్చే సంచికలో ప్రకటించి, ఒక ప్రతి విశాఖపట్నం తుఫాను హెచ్చరిక కేంద్రానికి, మరొకటి ప్రగతినగర్‌కు పంపవచ్చు. అక్టోబరు వాయుగుండాలు మొదలు కాకముందే ఈ పని జరగడం మంచిది.