మాటయు, ముహూర్తమును

కాలమును కొలుచుట యొక విద్య. కాలమును గూర్చి యొకరికొకరు మాట యిచ్చుకొనుట వేరొక విద్య. మొదటిదానిని పంచాంగకర్తలును, గడియారములు చేయువారును సాధించిరి. రెండవది నేటికిని మనుష్యుల నడుమ నమ్మకముపైననే నిలిచియున్నది. ఇప్పుడీ రెండవ విద్యలోనికి క్రొత్త సేవకుడొకడు ప్రవేశించినాడు. మనము మామూలు మాటలలో చెప్పిన యాజ్ఞను విని, ఇంటర్నెట్టులోని మన క్యాలెండరును తానే తెరచి, అందలి సమావేశములను మార్చుటకును, చెరుపుటకును, క్రొత్తవి చేర్చుటకును కృత్రిమ మేధకు శక్తి కలిగించు సాఫ్ట్‌వేరు పనిముట్లు వాడుకలోనికి వచ్చినవి.

ఇది నగరములలోని కంపెనీల ముచ్చట, కామారెడ్డి, ఎల్లారెడ్డి బడులకు దీనితో నేమి పని యని చదువరులనవచ్చును. కాని పలు లెక్కల కాలముతో సంసారము చేయుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నిజాం రాజ్యమున కచేరీ కాగితములలో ఫసలీ సంవత్సరమును, ఇంట తెలుగు తిథులును, మసీదువద్ద హిజ్రీ మాసములును, బయటి యుత్తరములలో ఇంగ్లీషు తేదీలును నడచెడివి. ఒకదానినుండి మరొకదానికి మార్చుటలో పొరపాటు పడినచో వాయిదా తప్పెడిది. స్వాతంత్ర్యానంతరము దేశమందలి పంచాంగముల వైవిధ్యమును పరిశీలించుటకు 1952లో మేఘనాద సాహా అధ్యక్షతను ఒక సంఘమేర్పడినది. 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలునకు వచ్చినది. తేదీ యన్నది ప్రకృతి యిచ్చినది కాదనియు, పదిమంది కూడి యొప్పుకొన్నదనియు ఆ చరిత్ర మనకు తెలుపుచున్నది.

ఈ క్రొత్త పనిముట్టు నడచు తీరు సూక్ష్మముగా చెప్పవలెనన్న నిది. క్యాలెండరులోని ప్రతి సమావేశమునకును పేరు, ఆరంభము, ముగింపు, ఆహ్వానితుల పట్టిక మొదలగు గళ్ళుండును. ఇట్టి వివరములను ఒక క్యాలెండరునుండి మరొకదానికి పంపుటకు 1998లోనే సర్వసమ్మతమైన పద్ధతి యేర్పడినది. 2006లో గూగులు సంస్థ తన క్యాలెండరును వెలువరించినది. కృత్రిమ మేధను ఇట్టి బయటి పనిముట్లతో జోడించుటకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిని ప్రకటించినది. యజమాని అనుమతి నిచ్చినగాని యంత్రము క్యాలెండరును ముట్టజాలదు. ఆ యనుమతి చూచుటకు మాత్రమే కావచ్చును, దిద్దుటకును కావచ్చును. ఈ రెంటి భేదము తెలియకయే సమ్మతి మీట నొక్కువారు పలువురు.

దిద్దుటలోని చిక్కులు చిన్నవి కావు. వారము వారము జరుగు పాఠమును మార్చునపుడు, ఈ యొక్క వారమా, ఇకమీది వారములన్నియునా, మొదటినుండి యన్నియునా యని యడిగి తెలిసికొనవలెను. 5/6 అని వ్రాసినచో మనకది జూన్ 5. అమెరికాలో మే 6. ఉదయము 10 గంటలని వ్రాసి, ఏ దేశపు కాలమో చెప్పక విశ్వకాలముగా నమోదు చేసినచో, కామారెడ్డిలో అది మధ్యాహ్నము 3.30 అగును. డల్లాసులోని కుమార్తెతో మాటాడు వేళ వేసవిలో పదిన్నర గంటల తేడాతో నుండును. శీతకాలమున అది పదకొండున్నర గంటలగును. ఒక గడిని మాత్రమే దిద్దుటకు బదులు సమావేశమంతయు తిరిగి వ్రాసినచో, పాత గళ్ళలోని సమాచారము మాయమగుటయు కలదు.

ఇంతకన్న పెద్ద చిక్కు మా యెరుకలోనే జరిగినది. కామారెడ్డిలో నెలకొకమారు ఆదివారము ఉదయమున మిత్రులు కొందరము సాహిత్య గోష్ఠికి కూడుదుము. ఒక నెల దానిని సాయంకాలమునకు మార్చుమని నిర్వాహక మిత్రుడు తన యంత్రమునకు చెప్పెను. రెప్పపాటులో మార్పు జరిగినది; పట్టికలోనివారందరికి వార్త వెళ్ళినది. పని ముగిసినదన్న మాట తెరపై కనబడగానే మిత్రుడు నిశ్చింతుడయ్యెను. ఎల్లారెడ్డినుండి వచ్చు విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఆ పట్టికలో లేరు. ఆయనకు ఈ మెయిలు లేదు. ఇన్నేండ్లుగా మిత్రుడే ఫోను చేసి చెప్పెడివాడు. ఆనాడు ఆ పెద్దాయన తొలి బస్సులో వచ్చి, తాళము వేసిన తలుపు ముందు అరుగుమీద మధ్యాహ్నము దాక కూర్చుండి, తిరిగి వెళ్ళిపోయిరి. మరునెల ఆయన రాలేదు.

యంత్రము చేసిన తప్పిందులో లేదు. చెప్పినది చెప్పినట్లు చేసినది. దానికి తెలిసిన లోకము దాని పట్టిక. పట్టికకు వెలుపలనున్న మనుష్యుని గుర్తుంచుకొనుట మన మిత్రుని పని. చేతిపని తప్పినందున ఆ గుర్తును తప్పినది. శ్రమ తగ్గుట మేలే. శ్రమతోపాటు తలంపు కూడ తగ్గుట కీడు.

మరియొక యపాయము. 2025 ఆగస్టులో ఇజ్రాయేలు పరిశోధకులు కొందరు ఒక ప్రయోగమును ప్రకటించిరి. క్యాలెండరు ఆహ్వానములో రహస్యముగా ఆజ్ఞలు వ్రాసి పంపగా, గూగులువారి జెమిని ఆ యాహ్వానమును చదువునపుడు అందలి వాక్యములను యజమాని యాజ్ఞలుగా భ్రమించి, ఇంటి దీపములను సైతము ఆర్పినది. తమ హెచ్చరికను వారు ముందుగనే గూగులునకు తెలిపియుండిరి; ఆ సంస్థ రక్షణలను పెంచినది. పరుల యుత్తరమును చదివి వినిపింపవలసిన సేవకుడు ఆ యుత్తరము చెప్పినట్లు నడచుకొన్నచో ఇల్లేమగును?

కావున నియమములు కావలెను. అవి ఉపాధ్యాయులకు తెలియనివి కావు. హాజరు పట్టీలో తప్పు పడినచో రబ్బరుతో చెరుపరాదు. పాతది కనబడునట్లు ఒక గీత గీచి, సరియైనది వ్రాసి, ప్రక్కను పొట్టి సంతకము చేయవలెను. క్యాలెండరును దిద్దు యంత్రమునకును ఇదియే ధర్మము. చూచుటకు చాలినచోట దిద్దు అధికార మీయరాదు. ఇతరులను తాకు మార్పును ముందు చూపి, యజమాని యొప్పుకొన్న పిదపనే చేయవలెను. ఏది మార్చినదో, ఎవరి మాటపై మార్చినదో జాడ యుండవలెను. పరీక్ష తేదీ వంటిది మారినపుడు, పల్లెనుండి బస్సులో వచ్చు విద్యార్థికి ఆ వార్త చేరినదా యని మనిషియే విచారింపవలెను.

విద్యార్థులకు వ్యాకరణమునుండి ఒక్క మాట. మారు, మార్చు, మార్పించు అని మనకు మూడు క్రియలు కలవు. "వేళ మారినది" అన్నచో కర్త కనబడడు. "వేళ మార్చితిని" అన్నచో కనబడును. యంత్రముచేత చేయించినపుడు "మార్పించితిని" అనవలెను. అచ్చటను కర్త మనమే. ఎల్లారెడ్డి పెద్దాయనకు మా మిత్రుడు ఫోను చేసి, యంత్రమును నిందింపక, "నేనే మార్పించితిని, మీకు చెప్పుట మరచితిని" అనెను. ఆ పై నెల ఆయన తొలి బస్సులోనే వచ్చిరి.